ఎనిమిదో ముడి

పొట్లానికి గడ్డిపరక చుట్టి లాగుతుండగా పర్సినా కడుపు మళ్ళీ బిగిసింది. ఉడికిన సోయా గింజలు గుప్పెడు తీసి అరటాకులో పోయడం, మడవడం, పరకతో రెండు చుట్లు చుట్టి ముడెయ్యడం. గింజల్ని ఇలా ఆకులో పులియబెట్టి టెంపే చేసే షెడ్డులో పన్నెండేళ్ళుగా ఆమె చేతులకు ఇదే పని. పాదాలు వాచి చెప్పుల్లో పట్టడం లేదు. గంటకు రెండుసార్లు ఒంటేలుకు లేవాలి. నిన్నటిదాకా పక్కటెముకల కింద తన్నిన బిడ్డ ఇవాళ కిందికి జారింది. ఊపిరి ఆడుతోంది గాని, నడక మాత్రం బాతు నడకయింది.

ఇవి నొప్పులా, కావా? ఎవరి మాట నమ్మాలో తెలియడం లేదు.

ఆస్పత్రి నర్సమ్మ కాగితం చూసి, "నిండినట్టే. నడిస్తే తగ్గేది ఉత్తుత్తి నొప్పి. తగ్గకుండా వరసగా వస్తే పరుగెత్తుకురా" అంది. ఈ పొట్టతో పరుగట! మంత్రసాని సకియం అవ్వ దగ్గర కాగితం లేదు, నల్లదారం ఉంది. అయిదు రోజులకోసారి వచ్చే లెగి సంత శనివారం నాడే పడిన ప్రతిసారీ దానికొక ముడి వేస్తుంది. ఇప్పటికి ఏడు పడ్డాయి. ఇవాళ మళ్ళీ లెగి శనివారం. తన లెక్క చూసుకుందామంటే, ముట్టు తప్పిన తేదీ పర్సినాకే సరిగా గుర్తులేదు.

"అయితే ఎనిమిదో నెలన్నమాట" అంది పక్కన పొట్లాలు కడుతున్న తుకిరా. "ఏడో నెల బిడ్డ బతుకుద్ది, తొమ్మిదో నెలదీ బతుకుద్ది. ఎనిమిదోది నిలవదే తల్లీ. కాళ్ళు దగ్గర పెట్టుక్కూర్చో!"

అందరూ నవ్వారు. పర్సినాకు భయమేసింది. సెమరాంగ్ పట్నంలో తాపీపని చేసే మొగుడికి ఫోన్ చేస్తే, "అవ్వ చెప్పినట్టు విను, నర్సమ్మ చెప్పినట్టూ విను" అన్నాడు. బాగానే ఉంది సంబడం.

మధ్యాహ్నం పని దిగి అవ్వ ఇంటికి వెళ్ళింది. రెండు రోజులుగా అవ్వ గంజి కూడా ముట్టలేదని పొరుగావిడ చెప్పింది.

"రావే పొట్టదానా" అంది అవ్వ, వెదురు మంచం మీంచే. కొబ్బరినూనె రాసుకుని పొట్ట తడిమింది. పర్సినాను, ఆమె తల్లినీ ఈ లోకంలోకి తీసిన చేతులవి.

"తల దిగిందే. ఇవాళో రేపో."

"ఎనిమిదో నెల్లోనా అవ్వా?" అంది పర్సినా.

"ఎనిమిదెక్కడిదే?"

"ముళ్ళు ఎనిమిదేగా!"

అవ్వ నవ్వబోయి దగ్గింది. "ఓసి పిచ్చిమొహమా! లెగి శనివారం నెలకొస్తుందా? ముప్పై అయిదు రోజులకొస్తుంది. నా ముడి పెద్దది, మీ నర్సమ్మ నెల చిన్నది. ఎనిమిది ముళ్ళకు బిడ్డ నిండుద్ది. మీ అమ్మకూ ఎనిమిదే."

పర్సినా వేళ్ళ మీద లెక్కపెట్టబోయి రెండుసార్లు తప్పింది. నెలలు, వారాలు, ముళ్ళు అన్నీ కలగాపులగమయ్యాయి.

"లెక్క నాకొదిలెయ్. కాస్త నడుం వాల్చి లేచి ముడేస్తా. నువ్వు వాకిట్లో నడువు."

దారం వేళ్ళకు చుట్టుకుని అవ్వ పడుకుంది. పర్సినా వాకిట్లో నడిచింది. ఎంత నడిచినా నొప్పి తగ్గలేదు. వరసగానే వస్తోంది.

"తగ్గటం లేదవ్వా."

అవ్వ పలకలేదు. భుజం పట్టి కుదిపితే చల్లగా తగిలింది. అరచేతిలో నూనె ఇంకా మెరుస్తోంది. ఎనిమిదో ముడి పడలేదు.

లోపల్నించి తన్నుకొస్తున్నది నొప్పో, ఏడుపో పర్సినాకు తెలియలేదు. ఆమె కేకకు పొరుగావిడ పరుగున వచ్చింది, ఆవిడ కొడుకు మోటార్‌సైకిల్ తీశాడు.

"పదవే, ఆస్పత్రికి!"

"ఒక్క నిమిషం వదినా."

అవ్వ వేళ్ళనుంచి దారం విడదీసింది. అవ్వ ముడి ఎలా వేసేదో ఆమె ఎన్నడూ చూడలేదు. తన చేతులకు వచ్చినట్టే రెండు చుట్లు చుట్టి గట్టిగా లాగింది.

మోటార్‌సైకిల్ చప్పుడు దూరమయ్యాక, అవ్వ గుండెల మీద నల్లదారం ఉంది. దానికి అవ్వ వేసిన సన్నటి ముళ్ళు ఏడు, చివర టెంపే పొట్లం ముడి ఒకటి.