చివరి పూగెల

తీజాని ఖర్జూరపు చెట్టు తలలో రెండు మట్టల మధ్య నడుము ఇరికించుకుని కూర్చున్నాడు. పళ్ళ మధ్య కరిచి పట్టుకున్న పోతు చెట్టు పూపోచలను ఒక్కొక్కటే తీసి, ఆడపూల గెలలోకి తలకిందులుగా దోపుతున్నాడు. దోపిన తరువాత గెల చుట్టూ పచ్చి ఈనెతో ముడి వేయాలి. బిగించకూడదు, వదిలేయనూ కూడదు. పదహారేళ్ళ వాడి వేళ్ళకు ఆ ముడి అలవాటైపోయింది. ముంజేతుల నిండా ముళ్ళు గీరిన గీతలు, కొన్ని మానినవి, కొన్ని ఈ ఉదయానివి. జుట్టులో, కనుబొమల మీద, చొక్కా భుజాల మీద పసుపుపచ్చని పొడి.

కింద వాళ్ళ నాన్న బెల్గాసిం కర్ర మీద ఆనుకుని పైకి చూస్తున్నాడు. చెట్టు మీంచి పడి తుంటి విరిగినప్పటి నుంచి ఆయన తోటలో చేసే పని అదొక్కటే, పైకి చూడడం.

"అయిందా?"

"అయింది."

"దిగి, ఆ పోతు చెట్టెక్కి చివరిది కోసెయ్. డొప్ప పగిలింది. రేపటి దాకా ఉంచితే పొడంతా గాలి పాలు."

తీజాని దిగాడు, మళ్ళీ ఎక్కాడు. పోతు చెట్టు తలలో ఆ ఏటికి మిగిలింది ఒక్క గెలే. గోధుమరంగు డొప్ప నిలువునా చీలి, లోపలి తెల్లటి పోచలు తొంగి చూస్తున్నాయి. పచ్చి పిండి వాసన. కొడవలితో మొదలు కోసి, పొడి రాలకుండా చంటిపిల్లను దింపినట్టు చంకన పెట్టుకుని దిగాడు.

"మబ్రూకా పిన్ని చెట్లు రెండే మిగిలాయి" అన్నాడు తండ్రి. "మధ్యాహ్నం గిన్నె పట్టుకొస్తుంది. ఇచ్చి, నువ్వే ఎక్కి కట్టిరా. ఆమెవి ఎప్పుడూ ఆలస్యమే. మీ అమ్మ చివరి గెల ఆమె కోసమే దాచేది."

ఎడారి అంచున ఉన్న ఈ నెఫ్తా ఊరి తోటల్లో, పోతు పువ్వు పొడిని చేత్తో అందిస్తేనే ఆడచెట్టు కాయ కడుతుంది. అయినా ఆ పువ్వును అమ్మరు. ఎవరి చెట్టు ముందు పూస్తే వాళ్ళ గుమ్మానికి మిగతావాళ్ళు గిన్నె పట్టుకుని వస్తారు, లేదనరు. ఇన్నాళ్ళూ గుమ్మంలో కూర్చుని పంచింది తీజాని తల్లి. కిందటి చలికాలం ఆమె పోయింది. ఈ వసంతం నుంచి పంచేది తీజాని. మబ్రూకాకు భర్త లేడు, ఉన్న ఒక్క కూతురూ దూరాన స్ఫాక్స్ పట్నంలో కాపురం. ఆ రెండు చెట్ల కాయే ఆమెకు ఏడాది తిండి.

గెలను తడిగాలి తగలని గదిలో గోనె మీద పరిచి, ముఖం కడుక్కుని, తీజాని బడికి నడిచాడు. రొట్టె మీద ఆలివ్ నూనె, మిరపకారం రాసుకుని దారిలో తిన్నాడు.

హైస్కూలు గేటు దగ్గర ఎప్పటి గుంపే ఉంది.

"పెళ్ళికొడుకొచ్చాడ్రోయ్!"

"ఏరా, ఇవాళ ఎంతమందిని కట్టుకొచ్చావ్?"

"చెట్లే వాడి పెళ్ళాలు. మనుషులెవరు చేసుకుంటారు!"

తీజాని జుట్టు దులుపుకున్నాడు. పొడి రాలింది. దానికీ నవ్వారు. అందరికన్నా పెద్దగా నవ్వింది రమ్జీ. రమ్జీ తండ్రికి ఊరి బయట ఖర్జూరాలు పెట్టెల్లో సర్దే పెద్ద షెడ్డు ఉంది. రమ్జీ గోళ్ళు ఎప్పుడూ శుభ్రంగా ఉంటాయి. ఇసుకలో నడిచే ఊళ్ళో వాడి బూట్లు తెల్లగా ఎలా ఉంటాయో ఎవరికీ తెలియదు.

విరామంలో సైన్సు గది వెనక పిట్టగోడ మీద తీజాని ఒక్కడే కూర్చుంటే, రమ్జీ వచ్చి మెడ చుట్టూ చెయ్యి వేశాడు. వాడు చెయ్యి వేస్తే బరువంతా వేస్తాడు.

"కోపం వచ్చిందా?"

"లేదు."

"వాళ్ళతో పాటు నవ్వకపోతే నన్ను కూడా నీతో కలిపేస్తారురా. అప్పుడు నిన్నెవడు చూసుకుంటాడు? నా నవ్వు వేరు, వాళ్ళ నవ్వు వేరు. నీకా మాత్రం తెలీదా?"

తీజాని తల ఊపాడు. తెలుసనే అనుకున్నాడు.

తల్లి పోయిన వారం తరువాత బడికి వస్తే, తరగతిలో ఎవరికీ ఏమి మాట్లాడాలో తెలియలేదు. చిన్నప్పటి నుంచి రొట్టె సగం పంచుకునే మొఖ్తార్ కూడా నేల చూపులు చూశాడు. రమ్జీ మాత్రం ఇదే గోడ మీద పక్కన కూర్చుని, "నువ్వేం మాట్లాడకు, నేను ఊరికే కూర్చుంటా" అన్నాడు. ఆ మాటకు తీజాని ఏడ్చాడు. అంతవరకూ ఏడవలేదు. తరువాత కొన్నాళ్ళకు రమ్జీయే చెప్పాడు, "నువ్వు ఏడ్చిన సంగతి మొఖ్తార్ బడంతా చాటాడు" అని. గోడ దగ్గర ఆ రోజు మొఖ్తార్ లేడు. ఆ ఆలోచన తీజానికి రాకపోలేదు, వచ్చినా దాన్ని పట్టుకోలేదు. మొఖ్తార్‌తో మాటలు మానేశాడు. ఆ తరువాత రమ్జీ లెక్కలు రాసిపెట్టడం, రమ్జీ పగలగొట్టిన కిటికీకి తాను దెబ్బలు తినడం, రమ్జీ అలిగిన రోజుల్లో వాడి ఇంటి సందు చివర నిలబడడం అలవాటయ్యాయి. రమ్జీ అలిగితే తిట్టడు. గాజుపలక అవతలి నుంచి చూసినట్టు చూస్తాడు.

"ఒక పనుంది" అన్నాడు రమ్జీ. "మా ఇంటి వెనక చెట్లు ఇప్పుడు పూశాయి. పోతు పువ్వు ఊళ్ళో ఎక్కడా లేదంట. మీదొకటి మిగిలిందంటగా."

"మీ నాన్నని గిన్నె పట్టుకుని రమ్మను. సగం ఇస్తాం."

రమ్జీ పకపకా నవ్వాడు. "మా నాన్నా? మీ గుమ్మంలోకా? గిన్నె పట్టుకునా?"

"అది మబ్రూకా పిన్నిదిరా. ఆమె ఇవాళ వస్తుంది."

మెడ మీది చెయ్యి తీసేశాడు రమ్జీ. తీసినచోట చల్లగా తగిలింది.

"సరేలే. మీ అమ్మ పోయినప్పుడు నీ పక్కన కూర్చుంది ఆవిడేగా. నేను కాదుగా."

నిజానికి ఆమే కూర్చుంది. తల్లికి స్నానం చేయించింది ఆమె. ఇంట్లో పొయ్యి వెలగని రోజుల్లో తన ఇంటి నుంచి పళ్ళెం మోసుకొచ్చింది ఆమె. తీజాని ఆ మాట అనలేదు.

"తెస్తే సాయంత్రం బండి ఇస్తానన్నాడు నాన్న" అన్నాడు రమ్జీ, బూటు మీద లేని ఇసుకను తుడుచుకుంటూ. "ఉప్పు మైదానం దాకా వెళ్దాం. నువ్వూ నేనే. ఇంకెవడూ వద్దు. నీ ఇష్టంరా, నేనేం బలవంతం చెయ్యను."

మధ్యాహ్నం ఇల్లు చల్లగా, చీకటిగా ఉంది. తండ్రి మసీదు నుంచి రాలేదు. గెల గోనె మీద అలాగే ఉంది. తీజాని దాని పక్కన గొంతుక్కూర్చున్నాడు. సగం చీలుద్దామని చెయ్యి పెట్టాడు. సగం పట్టుకెళ్తే రమ్జీ ఎలా చూస్తాడో కళ్ళకు కట్టింది. చెయ్యి తీసేశాడు.

వీధి తలుపు చప్పుడైంది. మబ్రూకా పిన్ని గుమ్మంలో ఉంది. పొట్టిది. పైట కొంగు ముఖం సగం వరకు లాగి, అంచు పళ్ళతో పట్టుకునే అలవాటు. చేతిలో సొట్టలు పడ్డ సత్తు గిన్నె.

"నాయనా, మా ఇద్దరు ముసలి పెళ్ళికూతుళ్ళు ఇవాళ నోరు తెరిచారురా" అంది నవ్వుతూ. "పెళ్ళికొడుకు ఉన్నాడా?"

"పాడైపోయింది పిన్నీ" అన్నాడు తీజాని. ఆ మాట వాడికంటే ముందే బయటికొచ్చింది. "చినుకులకు తడిసిపోయింది. కుళ్ళింది."

మబ్రూకా తల ఎత్తి ఆకాశం చూసింది. శీతాకాలం నుంచి ఆ ఊళ్ళో చుక్క వాన లేదు. అరుగు మీద దుమ్ములో నిన్నటి కోడిపిల్లల అడుగులు చెరగకుండా ఉన్నాయి. ఆమె వాటిని కూడా చూసింది. తరువాత వాడి ముఖం చూసింది. వాడు తలుపు గడియను చూస్తున్నాడు.

"అలాగా" అంది. "అన్నం తిన్నావా?"

"తిన్నా."

"చిక్కిపోయావురా" అని, గిన్నె కొంగు కింద పెట్టుకుని వెళ్ళిపోయింది.

తీజాని గెలను గోనెలో చుట్టి, పెరటి గోడ దూకి, తోటల వెనక కాలువ గట్టు మీదుగా రమ్జీ ఇంటికి మోశాడు. రమ్జీ దొడ్డి తలుపు సగమే తెరిచాడు. "నువ్వు నా అన్నవిరా" అని చెంప మీద తట్టి గోనె లాక్కున్నాడు. "అసర్ నమాజయ్యాక మలుపు దగ్గర ఉండు."

సాయంత్రపు అసర్ అజాన్ అయింది, నమాజు ముగిసి జనం మసీదు నుంచి ఇళ్ళకు మళ్ళారు. మలుపు దగ్గర మైలురాయి మీద తీజాని కూర్చున్నాడు. జుట్టు తడిపి దువ్వుకున్నాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. మేకల మంద ఒకటి పోయింది. సిమెంటు లారీ ఒకటి పోయింది. ఎండ రాయి మీంచి జరిగి ఇసుకలోకి దిగింది.

బండి చప్పుడు ఊరి వైపు నుంచి వచ్చింది. లేచి నిలబడ్డాడు. రమ్జీ నడుపుతున్నాడు. వెనక మొఖ్తార్ ఉన్నాడు, రెండు చేతులతో రమ్జీ నడుము పట్టుకుని. రమ్జీ ఒక చెయ్యి ఎత్తి ఊపాడు, దారిలో కనబడ్డ ఎవరికైనా ఊపినట్టే. బండి ఆగలేదు. మొఖ్తార్ మాత్రం చాలా దూరం వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాడు. దుమ్ము అణిగాక కూడా తీజాని అక్కడే ఉన్నాడు.

తరువాత పరుగెత్తాడు.

రమ్జీ ఇంటి దొడ్లో పనివాడు నిచ్చెన మడుస్తున్నాడు.

"తాతా, పొద్దున్న... ఇందాక తెచ్చిన పువ్వు ఏమైనా మిగిలిందా?"

"నాలుగు చెట్లకు చల్లాం, చాలింది. మిగతాది అదిగో, అక్కడ పారేశా."

కుళాయి కింద పడి ఉంది. సగానికి పైగా గెల. కుళాయి కారుతోంది. పోచలు నీళ్ళలో నాని, ఒకదానికొకటి అతుక్కుని, పొడి పసుపు నీళ్ళై కాలువలోకి పోయింది. తడిసిపోయింది, అచ్చం తాను చెప్పినట్టే. తీజాని మోకాళ్ళ మీద కూర్చుని వెతికాడు. గట్టు మీదికి ఎగిరిపడ్డ కొన్ని పోచలు పొడిగా ఉన్నాయి. వాటిని ఏరి, జేబులో పెడితే నలుగుతాయని పళ్ళ మధ్య పట్టుకున్నాడు.

"దేనికిరా ఆ చెత్త?" అన్నాడు పనివాడు.

పళ్ళ మధ్య పోచలతోనే తీజాని మబ్రూకా ఇంటి వైపు పరుగెత్తాడు.

మబ్రూకా చెట్టు ఎక్కేసరికి వెలుగు పలచబడింది. పైన ఎన్నో గెలలు నోళ్ళు తెరిచి ఉన్నాయి. తన దగ్గరున్నది ఒక్కదానికే సరిపోయింది. కట్టాడు. ముడి రెండుసార్లు తప్పింది.

దిగేసరికి ఆమె గడపలో నిలబడి ఉంది. వెనక మేక అరుస్తోంది.

"ఎవరది?"

"నేనే పిన్నీ."

"మసక పడుతోంది. జారతావు."

"పిన్నీ..."

"ఏరా?"

చెప్పాల్సింది అంతా నోట్లోనే ఉంది, పుప్పొడి చేదుతో కలిసి. ఆమె తొందర పెట్టలేదు. మేక అరవడం మానేసింది.

"ఏం లేదు" అన్నాడు.

"సరే, ఇంటికి పో. మీ నాన్న చూస్తుంటాడు."

తండ్రి చూస్తూనే ఉన్నాడు. "కట్టావా?" అని అడిగాడు. "కట్టాను" అన్నాడు తీజాని.

మర్నాడు విరామంలో రమ్జీ వచ్చి పిట్టగోడ దగ్గర నిలబడ్డాడు. "ఏరా, అలిగావా? వాడు ఏడ్చి వెంటపడ్డాడురా, ఏం చెయ్యను? అయినా పువ్వు నువ్వే ఇచ్చావుగా, నేను దొంగిలించలేదుగా. ఎవరైనా అడిగితే అదే చెప్తా." తీజాని వాడి వైపు చూడలేదు. కానీ కొంచెం పక్కకు జరిగి, గోడ మీద చోటిచ్చాడు.

శరత్తులో తోటలన్నీ తేనెరంగుకు తిరిగాయి. మబ్రూకా చెట్ల మీద మాత్రం గింజ కట్టని కాయలు, గోలీల్లా పచ్చగా, ఎండి ముడుచుకుని వేలాడాయి. వాటిని మేకలు తింటాయి, మనుషులు తినరు. బెల్గాసిం కర్ర మీద ఆనుకుని ఆ చెట్ల కింద చాలాసేపు నిలబడ్డాడు. ఇంటికి వచ్చి కొడుకును ఏమీ అడగలేదు. ఆ రాత్రి నుంచి కొడుకు పేరు పెట్టి పిలవడం మాత్రం తగ్గించాడు.

ఒక్క గెల నిలిచింది. మబ్రూకా దాన్ని కోయించి, సగం పళ్ళెంలో పెట్టి వీళ్ళింటికి తెచ్చింది. "ఒక్కటి నిలిచిందిరా" అంది, తీజాని చేతికి పళ్ళెం ఇస్తూ. "తిను." తీజాని ఒకటి నోట్లో వేసుకున్నాడు. ఆమె అక్కడే నిలబడి, వాడు మింగేదాకా చూసింది. రేపు వెళ్ళి చెప్పాలనుకున్నాడు తీజాని. తరువాత శుక్రవారం చెప్పాలనుకున్నాడు.

గురువారం ఉదయం తమ తోటలో చెట్టు మీద ఉండి, గెలలు కిందికి దించుతుంటే, ఇసుక బాట మీద చిన్న ట్రక్కు ఒకటి పోతూ కనబడింది. వెనక ఒక పరుపు చుట్ట, ఒక ఇనప పెట్టె, తాడుతో కట్టిన మేక. ముందు డ్రైవరు పక్కన కొంగు పళ్ళతో పట్టుకున్న మనిషి. ఆమె కూతురు పిలిపించుకుంటోందని ఊళ్ళో అనుకుంటున్నారు. ఈ వారమేనని తీజానికి తెలియదు. చేతిలో కొడవలి, పైన బరువు గెల, దిగాలంటే దించాకే దిగాలి. దించేసరికి ట్రక్కు స్ఫాక్స్ రోడ్డు ఎక్కింది.

మధ్యాహ్నం ఇంటికి వస్తే, తండ్రి అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"వెళ్ళేముందు వచ్చింది" అన్నాడు. "పిల్లాడు ఇంట్లో లేడన్నాను. చెట్లెక్కే పిల్లాడికి ఉండాలని అది అక్కడ తగిలించి పోయింది."

తలుపు పక్క మేకుకు ఆమె భర్త మోకు వేలాడుతోంది, ఖర్జూరపు నార పేనిన తాడు, నడుము ఆనే చోట ఏళ్ళ చెమటకు నల్లబడి నున్నగా ఉంది, ఒక కొసన మాత్రం తెగినచోట కొత్త నార, ఈ వారమే కూర్చుని అల్లినట్టు, ఇంకా పచ్చి వాసనతో.