ఎదురు చుట్టు

ఆ శనివారం పొద్దున్న ఆకాశం బియ్యం కడిగిన నీళ్ల రంగులో ఉంది. మంచు నేలను విడిచింది గాని పైకి పోలేదు, తాటిచెట్ల మొవ్వుల దగ్గరే ఆగిపోయింది. సూర్యుడు ఎక్కడున్నాడో వెతుక్కోవాలి. నెల్లిమర్ల దాటుతూ ధనరాజ్ రెండుసార్లు అద్దం తుడిచాడు. మూడోసారి తుడవబోయి, మసక అద్దం మీద లేదని తెలిసి ఊరుకున్నాడు.

బండి పాత తెల్ల మారుతి. బానెట్ మాత్రం పసుపు రంగుది, గుజరీలో దొరికితే బిగించారు. బరువు తగ్గడానికి వెనక సీటు పీకేశారు. ఆ ఖాళీలో గోనెసంచి మడత మీద అనిత కూర్చుంది. ధనరాజ్‌కి ఆమె సొంత అక్క, అప్ప అని పిలుస్తాడు. ముందు సీట్లో ఆమె మొగుడు తిరుమలరావు. నెల్లిమర్ల రోడ్డు మీద షెడ్డు పెట్టి పాతికేళ్లుగా ఇంజన్లు విప్పి బిగిస్తున్న మనిషి.

"మీ ఇద్దరి పిచ్చికి నా నడుం ఇరిగిపోతన్నాది," అంది అనిత. "సీటు పీకీసినారు. నన్ను కూడా పీకీసి ఇంటికాడ పెట్టవలసింది."

"నాను అదే అన్నానే. నీ తమ్ముడు ఒప్పలేదు," అన్నాడు తిరుమలరావు.

"అయితే ఇక్కడే దించీ. నడిసొస్తాను. మీ బండికన్నా బేగే సేరతాను."

"ఒలే, ఆ మాట రేపు పందెం అయినాక అను."

ధనరాజ్ నవ్వి గేరు మార్చాడు. రేపు పందెం ఉంటుందో ఉండదో ఈరోజు తేలాలి. శృంగవరపుకోట అవతల కొండ కింద ఎవరో కొత్తగా వేసిన ట్రాక్ అది. ఈరోజు ప్రతి బండికీ మూడు చుట్లు ఇస్తారు. అందులో ఒక్క చుట్టయినా ఒక నిమిషం ఇరవై సెకన్లలోపు తిరిగిన వాళ్లకే రేపటి పందెం. మళ్లీ ఇలాంటిది వచ్చే ఏడే.

వచ్చే ఏడు తిరుమలరావుకి లేదు. మనిషి ఉంటాడు, చూపు ఉండదు. షుగరు ఎడమ కన్నును ఎప్పుడో తినేసింది. కుడి కంటికి సూదులు వేశారు, లేజరు లైట్లు పెట్టారు. దసరాల ముందు విశాఖపట్నంలో డాక్టరు కాగితం మీద ఏదో రాసి, తల ఎత్తకుండానే, ఇంకో నాలుగైదు నెలలు అన్నాడు. ఆ మాట తిరుమలరావు పెళ్లానికి చెప్పలేదు. బామ్మరిదికి చెప్పాడు. షెడ్డులో స్పానర్లు తుడుస్తూ చెప్పాడు.

"ఇన్నాళ్లూ ఏం సేసినాం రా? రామతీర్థం రోడ్డు మీద ఆదివారం పూట దొంగతనంగా పరిగెట్టినాం. పోలీసోళ్ల జీపు కనిపిస్తే పొలాల్లోకి దింపీసినాం. నాను కట్టిన బండి నిఖార్సుగా, నలుగురి ముందూ, ఒక ట్రాక్ మీద పరిగెడితే ఎలగుంటాదో సూడనేదు. ఒక్కసారి సూస్తే సాలు. తరవాత ఏటైనా అవనీ."

అప్పటి నుంచీ ధనరాజ్‌కి వేరే ధ్యాస లేదు. గూడ్స్ ఆటో తోలుతున్నా, అన్నం తింటున్నా ఆ ట్రాకే. దాన్ని అతను కంటితో చూడలేదు. బావ ఫోన్లో దాని బొమ్మ వచ్చింది. తిరుమలరావు దాన్ని జిరాక్స్ షాపులో రంగుల్లో పెద్దదిగా తీయించి, కుడి కంటికి బెత్తెడు దూరంలో పెట్టుకుని, వేలితో గీత వెంట వెళ్లాడు. కోతలైపోయిన పొలంలో సున్నం పొడితో అదే ఆకారం గీశారు. గియ్యగానే తిరుమలరావు చెప్పులు విప్పి, ఆ గీత వెంట నడిచాడు. ధనరాజ్ వెనకే నడిచాడు. అరసవల్లిలో దేవుడి చుట్టూ ఎటు తిరుగుతారో అటే తిరిగారు. ఇంకో వైపు తిరగొచ్చని ఇద్దరిలో ఎవరికీ తోచలేదు.

ఒకసారి ధనరాజ్ ఆ కాగితం కోసం చెయ్యి చాపాడు. తిరుమలరావు వేళ్లు కాగితాన్ని గట్టిగా పట్టుకున్నాయి.

"నాను సెప్తన్నాను కదరా. నువ్వు తిప్పు."

ఇంకెప్పుడూ అడగలేదు. అడిగితే, నీకు కనబడటం లేదు బావా అన్నట్టు ఉంటుంది. రెండు నెలలు బావ చెప్పాడు, అతను తిప్పాడు. మొదట పొడుగు దారి, చివర కుడికి గట్టి మలుపు, తరవాత చిన్న ఎడమ, మళ్లీ రెండు కుడి మలుపులు. తొమ్మిది మలుపులూ చేతుల్లోకి దిగిపోయాయి. నిద్రలో కూడా చేతులు కదులుతున్నాయని పెళ్లాం నవ్వింది.

విజయనగరం దాటాక మంచు విడిపోయింది. రోడ్డు కొండల దాకా కనిపిస్తోంది.

"మంచు ఇంకా ఒగ్గనేదేట్రా?" అన్నాడు తిరుమలరావు.

ధనరాజ్ రోడ్డు వైపే చూస్తూ, "ఒగ్గుతాది బావా," అన్నాడు.

వెనక అనిత కొండల వైపు చూసి, మొగుడి తల వైపు చూసింది. 

ట్రాక్ దగ్గర ఇరవై బండ్ల దాకా ఉన్నాయి. కొందరు విశాఖ నుంచి బండిని లారీ మీద ఎక్కించి తెచ్చారు. టైర్లు మార్చుకుంటున్నారు, బూట్లు వేసుకుంటున్నారు. ధనరాజ్ అరువు హెల్మెట్ చంకలో పెట్టుకుని కంచె దగ్గరికి వెళ్లాడు. అప్పటికే నాలుగు బండ్లు లోపల తిరుగుతున్నాయి.

అతను చూశాడు. మళ్లీ చూశాడు. 

బండ్లు ఎదురు తిరుగుతున్నాయి. పొడుగు దారిలో అతను వెళ్లాల్సిన వైపు నుంచి వస్తున్నాయి. చివర కుడికి తిరగాల్సిన మలుపు లేదు. అన్నీ ఎడమకే తిరుగుతున్నాయి.

చేతిలో గడియారం, మెడలో ఈల ఉన్న కుర్రాడు పక్కనే ఉన్నాడు. చొక్కా మీద ఆనంద్‌కుమార్ అని పేరుంది.

"బాబూ, ఇదేటి, ఇలగ తిరుగుతన్నారు?" అన్నాడు ధనరాజ్.

"ఇక్కడ ఇటే అండీ. ఎడమ చుట్టు. మ్యాప్‌లో బాణం గుర్తు ఉంది కదండీ."

అనితతో వెనకే వచ్చిన తిరుమలరావు జేబులోంచి కాగితం తీశాడు. విప్పి కంటి దగ్గరికి తీసుకెళ్లాడు. చాలాసేపు చూశాడు. ధనరాజ్ మొదటిసారి ఆ కాగితాన్ని బావ చేతిలోంచి తీసుకున్నాడు. ఈసారి ఆ వేళ్లు వదిలేశాయి.

గీత పక్కన ఎర్ర బాణం ఉంది. బొటనవేలంత.

"బాణం సిన్నదిరా," అన్నాడు తిరుమలరావు.

"సిన్నదే బావా."

అనిత కాగితం వైపు చూసింది, తమ్ముడి వైపు చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బండి దగ్గరికి వెళ్లిపోయింది.

వాళ్ల వంతు రావడానికి ఇంకా ముప్పావు గంట ఉంది. కావాలంటే మధ్యలో విరామం ఇచ్చినప్పుడు ట్రాక్ మీద నడవొచ్చని ఆనంద్‌కుమార్ చెప్పాడు. తిరుమలరావు చెప్పులు విప్పేశాడు.

"రా. ఇటునుంచి నడుద్దాం. బండికి ఏటి తెల్సు ఎటు తిరుగుతన్నాదో? మనకే తెలియాల."

తారు అప్పుడే వేడెక్కుతోంది. తిరుమలరావు ముందు నడిచాడు, మెల్లగా, ప్రతి అడుగూ నేల మీద రుద్దుతూ.

"ఇక్కడ నేల లోపలికి వాలతన్నాది. బండి దానంతట అదే తిరుగుతాది, నువ్వు బలవంతం సెయ్యకు... ఇక్కడ గులక ఉన్నాది, బయటికి పోకు... ఇదిగో, ఇక్కడ పల్లం. బ్రేకు ముందే ఒగ్గీ."

అన్నీ నిజమే. అతని కాళ్లకు అన్నీ తెలుస్తున్నాయి. ధనరాజ్ వెనక నడుస్తూ ఒక్కొక్క మలుపునూ తలలో తిరగేశాడు. తొమ్మిదోది మొదటిదైంది. కుడి ఎడమైంది. బుర్ర ఒప్పుకుంటోంది గాని చేతులు ఒప్పుకోవడం లేదు. ఆరో మలుపు దగ్గర నిలబడి, ఇది ఎటు అనుకుంటే, రెండు నెలల నుంచి తిప్పిన చెయ్యి కుడికే లేచింది.

బండిలో కూర్చుని కళ్లు మూసుకున్నాడు. అనిత కిటికీ దగ్గర నిలబడి కాగితం చూస్తూ చదివింది.

"ఎడమ. ఎడమ. సిన్న కుడి. ఒరే, కుడి అంటే ఎడమకి తిప్పుతావేటి? అన్నం తినే సెయ్యిరా."

"తెల్సప్పా."

"తెలిస్తే తిప్పు మరి. ఎడమ. పెద్ద ఎడమ..." ఆమె కాగితం మడిచింది. వంగి, మొగుడికి వినపడకుండా అంది, "తమ్ముడా. రేపు ఉండాలిరా. నాకు అన్నీ తెల్సు. డాక్టరుకాడికి నానే ఫోను సేసినాను."

ధనరాజ్ స్టీరింగ్ మీద తల ఆనించాడు. చెమటకి చేతులు జారుతున్నాయి. ప్యాంటుకి తుడుచుకున్నాడు.

పిలిచారు. ఒకేసారి నాలుగు బండ్లు వదులుతున్నారు. వీళ్లది పద్నాలుగో నంబరు. వీళ్లకు ముందు విశాఖ వాళ్ల తొమ్మిదో నంబరు, అదీ తెల్ల మారుతియే, బానెట్ కూడా తెల్లదే. తిరుమలరావు బానెట్ మీద అరచెయ్యి పెట్టి, కింద ఇంజను వణుకు చూసి, తల ఊపాడు.

"నాను కంచెకాడ ఉంటాను. పొడుగు దారి పక్కన. ప్రతి చుట్టూ సూస్తాను. ఎల్లు."

మొదటి చుట్టులో మూడో మలుపు దగ్గరే చెయ్యి ఎడమకి పోయింది. బండి గడ్డిలోకి దిగి, మట్టి ఎగజిమ్మి, మళ్లీ తారెక్కింది. ఒక నిమిషం ముప్పై ఒకటి. రెండో చుట్టులో పళ్లు బిగించి, గట్టిగా అరుచుకుంటూ తోలాడు. ఎడమ, ఎడమ, సిన్న కుడి. హెల్మెట్ లోపల తన గొంతే తనకి చెవుడు తెప్పించింది. ఒక నిమిషం ఇరవై నాలుగు. గీత దాటుతుంటే ఆనంద్‌కుమార్ వేలు ఒక్కటి ఎత్తి చూపించాడు. ఒక్క చుట్టే మిగిలింది.

మూడోది కుదిరింది. ఎలా కుదిరిందో అతనికే తెలియదు. మొదటి మలుపు బావ కాళ్లు చెప్పినట్టే లోపలికి వాలింది. గులక దగ్గర బయటికి పోలేదు. పల్లం దగ్గర బ్రేకు ముందే వదిలాడు. ఇంజను ఎక్కడా తడబడలేదు. పాతికేళ్ల పని ఆ చప్పుడులో ఉంది. ఆరో మలుపులో చెయ్యి దానంతట అదే ఎడమకి తిరిగింది. వస్తాది, అనుకున్నాడు. వచ్చేసినాది బావా.

చివరి మలుపు దాటి పొడుగు దారిలో పడ్డాడు. కంచె కనిపించింది. అనిత పైటచెంగు గాలికి ఎగురుతోంది. ఆమె ఇతని వైపే చూస్తోంది, రెండు చేతులూ కంచె మీద బిగించి. ఆమె పక్కన తిరుమలరావు ఉన్నాడు. వీపు ఇటు ఉంది.

తొమ్మిదో నంబరు బండి అప్పుడే గీత దాటి అవతలి మలుపులోకి పోతోంది. తిరుమలరావు దాని వైపు తిరిగి, చెయ్యెత్తి, వేలితో దాని వెంట గీత గీస్తున్నాడు. నోరు తెరిచి నవ్వుతున్నాడు. పక్కనున్న ఎవరికో చూపిస్తున్నాడు, అదిగో మనది అని. పసుపు బానెట్ బండి అతని వెనకే, పది గజాల్లో పోతోంది.

యాక్సిలరేటర్ మీంచి ధనరాజ్ కాలు లేచింది. అతను ఎత్తలేదు, అదే లేచింది. ఒక క్షణం, రెండు క్షణాలు. ఇంజను చప్పుడు కింద పడిపోయింది. మళ్లీ తొక్కాడు గాని గీత అప్పటికే దగ్గరకొచ్చేసింది.

ఒక నిమిషం ఇరవై రెండు.

ఆనంద్‌కుమార్ అట్ట మీద రాసుకుని, "సారీ అండీ. లాస్ట్‌లో ఎందుకో స్లో అయ్యారు. లేకపోతే వచ్చేసేదండీ," అన్నాడు.

"ఇంకొక్క చుట్టు ఇయ్యి బాబూ," అన్నాడు ధనరాజ్. కిటికీలోంచి చెయ్యి చాపి ఆ కుర్రాడి మణికట్టు పట్టుకున్నాడు. "ఒక్కటే. నీకు దండం పెడతాను. మా బావ..."  ఒక్క చుట్టు ఇచ్చినా ఏం చూపించాలో అతనికి తెలియలేదు. చెయ్యి వదిలేశాడు.

"రూల్ అండీ," అన్నాడు ఆ కుర్రాడు. అతని మొహం కూడా చిన్నబోయింది.

బండిని చింతచెట్ల వైపు తీసుకెళ్లి ఆపాడు. హెల్మెట్ తీసి కూర్చునే ఉన్నాడు. తిరుమలరావు అనిత భుజం పట్టుకుని వస్తున్నాడు. ఇదివరకు ఎప్పుడూ అలా పట్టుకోలేదు.

"ఎంతరా?"

"రెండు సెకన్లు పోయినాయి బావా. రేపు నేదు."

 తిరుమలరావు బానెట్ కోసం చెయ్యి చాపాడు. మొదటిసారి అందలేదు, రెండోసారి అందింది. వేడిగా ఉన్నా చెయ్యి తియ్యలేదు.

"అవనీ. నాను సూసినాను కదా. ఆ అవతలి మలుపులో ఎలగ తిప్పినావురా! ఎక్కడా జారనేదు. దారం లాగినట్టు పోయినాది. మూడు సుట్లూ అలగే పోయినాది. ఇంక నాకేటి గావాల?"

ధనరాజ్ అనిత వైపు చూశాడు. ఆమె కళ్లు నేల మీదున్నాయి. మొదటి చుట్టులో అంటుకున్న మట్టి, గడ్డి ఇంకా టైర్ల పక్కన వేలాడుతున్నాయి. ఇప్పుడు చెప్పొచ్చు. చెబితే బావ దగ్గర ఏం మిగులుతుంది? చెప్పకపోతే బావ జీవితాంతం వేరే వాడి బండిని తలచుకుంటాడు.

"నీ బండి బావా," అన్నాడు చివరికి. "నాను తిప్పినాను, అంతే."

"అదీ," అన్నాడు తిరుమలరావు.  అతనికి తెలుసో తెలియదో ఆ గొంతులో దొరకలేదు.

అనిత గోనెసంచి తెచ్చి నీడలో పరిచింది. ముగ్గురూ కూర్చున్నారు. ఆకులు వేసి క్యారేజీ విప్పింది. మొగుడికి షుగరని రాగుల చోడి సంకటి, తమ్ముడికీ తనకీ అన్నం, అందరికీ వంకాయ పులుసు. ట్రాక్ మీద ఇంకా బండ్లు తిరుగుతున్నాయి. ఒక్కో బండి దగ్గరికి వచ్చినప్పుడు తిరుమలరావు తల చప్పుడు వైపు తిరిగి, మళ్లీ ఆకు మీదికి వాలింది. అతని వేళ్లు పులుసు కోసం ఆకు అంచు దాకా వెళ్లి వెతికాయి. అనిత గిన్నె వంచి సంకటి మీదే పోసింది. ధనరాజ్ చేతిలో ముద్ద విరిగి ఆకులో పడుతోంది. ఏరుకుని మళ్లీ కలిపాడు.  ముగ్గురూ ఆకులు ఖాళీ అయ్యేదాకా తిన్నారు.