చేటెడు తవుడుకు అమ్మిన బిడ్డ

పోలమ్మకు కొడుకుతో మాట్లాడాలి. అంతే, ఇంకేమీ అడగలేదు పాపం. మొగుడు పోయాక ఆ ఇంట్లో ఆమెతో మాట్లాడే గొంతు తవిటయ్యదొక్కటే. చేపల వేటకు వెళ్లినప్పుడు ఇంజను చెడిపోయి, వాడి పడవ గాలికి కొట్టుకుపోయి, గీత దాటి పరాయి దేశం నీళ్లలోకి పోయింది. అక్కడివాళ్లు పట్టుకుని జైల్లో పెట్టి నాలుగు నెలలైంది. నీళ్ల మీద గీత ఎవడు గీశాడో, ఎవడికి కనబడిందో ఆ గంగమ్మ తల్లికే తెలియాలి.

శ్రీకాకుళం కాంప్లెక్సులో బస్సు దిగి, మళ్లీ ఆ మత్స్యశాఖ ఆఫీసుకే వచ్చింది. అనూరాధ అనే అధికారిణి కుర్చీ చూపించింది.

"అక్కడ మన దేశం తరఫున ఉండే కాన్సుల్‌గారు జైలుకెళ్లి ఇళ్లకు ఫోను చేయిస్తారు పెద్దమ్మా. ఆయన కొత్తగా వచ్చారు. మన ప్రభుత్వం పంపితే చాలదు, ఆ దేశం కూడా ఒప్పుకున్నట్టు కాగితం ఇవ్వాలి. నిన్ననే ఇచ్చారు."

"అంత పెద్దాయనకీ కాగితం కావాలేటి?"

"కావాలి. మీకూ కావాలి. పెళ్లికాని వాళ్లయితే తల్లితోనే మాట్లాడనిస్తారు. లిస్టులో తల్లి పేరు బుల్లమ్మ అని ఉంది. మీరెవరు?"

ఏం చెబుతుంది? తవిటయ్యకు ముందు ముగ్గురు పుట్టి, ముగ్గురూ పురిట్లోనే పోయారు. నాలుగోవాడి మీద చావు కన్ను పడకూడదని చేటెడు తవుడుకు పక్కింటి బుల్లమ్మకు అమ్మేసి, తవిటయ్య అని పేరు పెట్టింది. ఉత్తుత్తి అమ్మకమే. పాలిచ్చిందీ, పెంచిందీ పోలమ్మే. పిలుపు మాత్రం మారింది. బుల్లమ్మ అమ్మ, కన్నతల్లి పిన్ని. బళ్లో మేష్టారు అడిగినప్పుడు కూడా, నిజం చెబితే ఏం ముంచుకొస్తుందోనని బుల్లమ్మ పేరే రాయించింది. ఊరంతటికీ తెలిసిన నాటకం కాగితమెక్కి నిజమై కూర్చుంది. ఆ బుల్లమ్మ కూడా పోయి ఆరేళ్లు.

"నానే కన్నాను మేడంగారూ. తవుడుకి అమ్మీసినాను."

అనూరాధ నవ్వలేదు. "మా మేనమామ పేరూ తవిటయ్యే," అంది. ప్రమాణపత్రం రాయించి, "నా కడుపున పుట్టిన కొడుకు" అన్న చోటు దాకా చదివి వినిపించింది. వేలిముద్ర వేయమంది.

పోలమ్మ బొటనవేలు సిరాకు అద్దింది. చావుకు వినబడకుండా ముప్పై ఏళ్లు దాచిన మాట ఇప్పుడు ఒప్పుకుంటే, అంత దూరాన ఒంటరిగా ఉన్నవాడికి ఏమవుతుందో. ఒప్పుకోకపోతే వాడి గొంతు కూడా దక్కదు. కళ్లు మూసుకుని వేసేసింది.

తొమ్మిదో రోజున అదే గదిలో ఫోను మోగింది. తల్లిగారున్నారా అని కాన్సుల్‌గారు అడిగారు. ఉన్నారని అనూరాధ ఫోను పోలమ్మ చేతికిచ్చింది.

"అమ్మా," అన్నాడు తవిటయ్య.

పోలమ్మ పక్కకు చూసింది, ఎవరినో పిలుస్తున్నాడనుకుని.

"ఇనబడతందా? పిన్నీ అంటే ఫోను కట్టీస్తారంట. పెద్దాయన సెప్పినాడు. అమ్మా..."

తిన్నావా, ఒళ్లెలాగున్నాది అని అడగాలని దారి పొడుగునా అనుకుంటూ వచ్చింది.

"ఇంకోపాలి పిలు," అంది.

వాడు పిలిచాడు. మళ్లీ పిలిచాడు. ముప్పై ఏళ్లు పిన్నీ అంటే పలికిన మనిషికి, అమ్మా అంటే ఏమని పలకాలో తెలియలేదు.