కరెంటు పోయాక పాడిన పాట

నల్లకోట్ల వాళ్ళు మళ్ళీ పాటల పెట్టె వేశారు. ఇది నాలుగోది. నల్లకోట్లు అన్నది ఆ రాక్ బృందానికి మేం అభిమానులం పెట్టుకున్న ముద్దుపేరు. అసలు పేరుతో పిలిచేవాళ్ళంతా నిన్నగాక మొన్న వచ్చినవాళ్ళని మా లెక్క. బృందం విడిపోయి చాలాకాలమైంది. పాడే ఆయన పోయాడు. గిటార్ల వాళ్ళిద్దరికీ మాటల్లేవు. మిగిలింది డ్రమ్మరొక్కడే. అయినా రికార్డుల కంపెనీ మాత్రం పాత టేపుల దుమ్ము దులిపి, కొన్నేళ్ళకోసారి ఒక పెద్ద అట్టపెట్టె మా నెత్తిన పెడుతూనే ఉంటుంది.

పైన పటారం, లోన లొటారం. తెరిస్తే గ్లాసుల కింద పెట్టుకునే బిళ్ళలు, మెడకి చుట్టుకునే రుమాలు, అప్పటి కచేరీ టికెట్టుకి నకలు. అసలు టికెట్టే నా దగ్గరుంటే ఆ నకలు నాకెందుకు? పాటలు మాత్రం అవే. "మునుపెన్నడూ లేనంత స్పష్టంగా" అని ప్రతిసారీ అట్టమీద అచ్చేస్తారు. పాడే ఆయన ముక్కు ఎగబీల్చడం కూడా వినపడుతోంది, ఇంకా ఏం స్పష్టత కావాలి?

ఇదంతా భరిస్తాను. నేను భరించలేనిది మా ఊరి కచేరీలో చివరి పాట. నాలుగు పెట్టెల్లోనూ ఆ పాట రెండో చరణం మొదట్లోనే మెల్లగా సన్నగిల్లి మాయమైపోతుంది. "ఇక్కడ కరెంటు పోవడంతో రికార్డింగు ఆగింది" అని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. పచ్చి అబద్ధం. నేనక్కడే ఉన్నాను.

నాకప్పుడు పంతొమ్మిది, అక్కకి ఇరవై రెండు. జనం తోపులాటలో ఒక స్తంభాన్ని పట్టుకుని నిలబడ్డాం. రెండో చరణం ఎత్తుకుంటూ ఉండగా హాలంతా చీకటైపోయింది. గిటార్లు నోరు మూసుకున్నాయి. మైకు లేక పాడే ఆయన గొంతు ముందు వరస కూడా దాటలేదు. డ్రమ్ములకి కరెంటుతో పనిలేదు కాబట్టి డ్రమ్మరు మాత్రం ఆపలేదు. అప్పుడు నా పక్కనుంచి ఒక గొంతు లేచింది. అక్కది. బెరుకూ బిడియం లేకుండా చరణం అందుకుంది. రెండు లైన్లు ఒక్కతే పాడింది, ఆ తర్వాత హాలు హాలంతా ఆమె వెనకాలే వచ్చింది. పాట పూర్తయ్యేదాకా దీపాలు వెలగలేదు.

బయటికొస్తే గోడవారన రికార్డింగు వ్యాను కనిపించింది. దాని జనరేటరు దానిదే, లోపల టేపు ఇంకా తిరుగుతూనే ఉంది. హాల్లో వేలాడదీసిన మైకులన్నీ ఆ వ్యానుకే కలిపారట. గొంతు ఎండిపోయి అక్క మంచినీళ్ళు అడిగితే, అందులో కూర్చున్నాయన సీసా అందించి, "ఒక్క ముక్క వదల్లేదమ్మా, అంతా టేపెక్కింది," అన్నాడు.

ఆ తర్వాత అక్కకి పెళ్ళయింది, కూతురు పుట్టింది. పిల్ల ఇంకా పాకుతుండగానే అక్క గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేసి ప్రాణం దక్కించారు గాని, గొంతు దక్కలేదు. అప్పటినుంచి అక్క మాటంటే గుసగుసే. మేమిద్దరం కలిసి లాండ్రీ నడుపుతున్నాం. ఇస్త్రీ ఆవిరి బుస్సుమంటే ఆ గుసగుస కూడా వినపడదు, అందుకని నన్ను పిలవాలంటే బల్లమీది గంట కొడుతుంది.

అక్క కూతురు మా బట్టల బండి నడుపుతుంది. దానికి తల్లి గొంతెలా ఉండేదో తెలియదు. మా ఇంట్లో టేప్ రికార్డరు లేక కాదు. రేడియోలో నల్లకోట్ల పాట వస్తే చాలు, అక్కా నేనూ ఊపిరి బిగబట్టుకుని రికార్డు చేసేవాళ్ళం. అక్క పొద్దస్తమానం పాడుతూనే ఇస్త్రీ చేసేది గాని, రోజూ ఇంట్లో వినపడే గొంతును ఎవరు టేపెక్కిస్తారు? లోకం మొత్తంమీద అక్క పాట మిగిలింది ఒక్కచోటే, ఆ కంపెనీ బీరువాలో. కంపెనీకి ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది.

నాలుగో పెట్టె అమ్మకానికి కంపెనీవాళ్ళు మా ఊరి రికార్డుల దుకాణంలో సభ పెట్టారు. డ్రమ్మరు వచ్చి సంతకాలు పెడతాడట, పెట్టెలు కూర్చిన పెద్దమనిషి ప్రశ్నలకి జవాబులిస్తాడట. ఆ మధ్యాహ్నం నేను లాండ్రీ మూసేసి ఇద్దరినీ బయల్దేరదీశాను.

"అక్కడ పోట్లాడకే," అంది అక్క బండిలో, నా చెవి దగ్గరికి వంగి.

"నేనెప్పుడైనా పోట్లాడానా?"

బండి నడుపుతున్న అక్క కూతురు నవ్వాపుకోలేకపోయింది. "పిన్నీ, కోటు మీద మరక పోలేదన్న ఆయన ఇప్పటికీ మన వీధి తప్పించుకుని తిరుగుతున్నాడు."

దుకాణం నిండా నెరిసిన తలలే. అందరి చంకలోనూ పెట్టె ఉంది, అందరి నోట్లోనూ తిట్టు ఉంది. తిట్టుకుంటూ కొనడం, కొని తిట్టుకోవడం, ఇదీ మా జాతి లక్షణం. ఒక బట్టతలాయన లేచి, ఒకే పాటని ఇన్ని రకాలుగా ఎందుకేశారని నిలదీశాడు. "మీ అభిమానానికి కృతజ్ఞతలు," అన్నాడు పెట్టెల పెద్దమనిషి. ఎవరేమడిగినా అదే జవాబు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారే, మా పాలిట ఆ పూజారి ఈయనే. ముందు ఒక కంప్యూటరు పెట్టుకున్నాడు. టేపులన్నీ అందులోకి ఎక్కించి తెచ్చానని గొప్పగా చెప్పాడు. మన ఊరి కచేరీ కాబట్టి వినండి అంటూ ఆ చివరి పాట పెట్టాడు. రెండో చరణం మొదలవుతుండగా సౌండు మీట మెల్లగా కిందికి దించేశాడు. దుకాణమంతా ఉసూరుమంది.

నేను మైకు అడిగి తీసుకున్నాను. "తర్వాతది ఏదండీ?"

"ఆ రోజు కరెంటు పోయిందమ్మా. పెట్టెలోని పుస్తకంలో రాశాం చూడండి."

"హాల్లో పోయింది. వ్యానులో పోలేదు. జనరేటరు ఆడుతుంటే నేను పక్కనే నిలబడ్డాను. టేపు తిరగడం కళ్ళారా చూశాను."

"అది కాదమ్మా. అందులో మావాళ్ళ గొంతు లేదు, గిటార్లు లేవు. ఉత్త జనం గోల. ఎవరు వింటారు చెప్పండి దాన్ని?"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నా పాటకి కాలుతున్న ఇస్త్రీపెట్టె కూడా చల్లబడుతుందని మా ఆయన అంటూ ఉంటాడు. అయినా సరే, పెద్దమనిషి పాటని ఎక్కడ దించాడో అక్కడినుంచే ఎత్తుకున్నాను. శ్రుతి ఎక్కడో, నేనెక్కడో. వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. అక్క నా మణికట్టు పట్టుకుని దానిమీద తాళం వేయసాగింది. రెండో లైనుకి బట్టతలాయన కలిశాడు, ఆయనది మంచి గొంతు, నన్ను కూడా దారిలోకి లాగాడు. మూడో లైనుకి దుకాణం మొత్తం లేచింది. లోపల చోటు చాలక వాకిట్లో నిలబడ్డవాళ్ళు కూడా అందుకున్నారు. డ్రమ్మరు కలం పక్కన పడేసి, పెట్టెల మూతలు ఎగిరిపడేలా అరచేతులతో బల్ల వాయించాడు. ఎవరు వింటారని కదా పెద్దమనిషి అడిగాడు. కంఠతా వచ్చినవాళ్ళు ఇంతమంది ఉన్నారని చూసుకోమన్నాం.

పాట అయిపోయింది. డ్రమ్మరు మండుతున్న అరచేతులు రుద్దుకుంటూ పెద్దమనిషి వైపు తిరిగాడు. "ఆ టేపు నిజంగానే ఉందా?"

"ఉంది సార్. కాకపోతే దాని నాణ్యత..."

"చీకట్లో ఆపకుండా వాయించింది నేను. అది రికార్డు కాలేదనే ఇన్నాళ్ళూ నాకూ చెప్పారు. ఇక్కడుందా?"

పెద్దమనిషి కంప్యూటరు వంక చూశాడు. ఆ చూపు చాలు.

"అయితే పెట్టండి."

పెట్టాడు. అదే పాట, అదే చరణం. ఈసారి మీట మీద చెయ్యి వేయలేదు. గిటార్లు టక్కున ఆగాయి. జనం కేకలు, ఈలలు, వాటి అడుగున డ్రమ్ము. ఆ గోలలోంచి ఒక గొంతు లేచింది. నిండుగా, తీరిగ్గా, పైస్థాయికి వెళ్ళినప్పుడు కాస్త గరుకుగా. బట్టలు ఇస్త్రీ చేస్తూ పాడే గొంతు. అది నాకు గుర్తుండిపోయిందనే అనుకునేదాన్ని, కానీ సగం కూడా గుర్తులేదని అప్పుడు తెలిసింది. ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

అక్క కూతురు బండి తాళాలు పట్టుకుని తలుపు దగ్గరే నిలబడిపోయింది. తల్లి వైపు కాదు, స్పీకర్ల వైపు చూస్తోంది. "పిన్నీ," అంది.

"అవునే," అన్నాను.

పాట ముగిశాక డ్రమ్మరు జనం వైపు తిరిగాడు. "ఆ మొదటి గొంతు ఎవరిదో నాకు ఈనాటికీ తెలీదు. అది లేవకపోయుంటే ఇంకాసేపటికి నేనూ కర్రలు కింద పడేసేవాణ్ణి. మీలో ఎవరికైనా తెలుసా?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే అక్క నా చేతిలోని మైకు లాక్కుంది. కొత్తవాళ్ళ ముందు పెదవి కదపని మనిషి, మైకు పెదాలకి ఆనించుకుని, "నేనే," అంది. ఆ గుసగుస అంతంత స్పీకర్లలోంచి వాకిటిదాకా వినపడింది.

ముందు డ్రమ్మరు లేచాడు, ఆయన వెనకాల అందరూ లేచారు. చప్పట్లు సద్దుమణిగాక ఆయన తన ముందున్న పెట్టెలను పక్కకి నెట్టేశాడు. "ఈ పాట మొత్తం వేయండి. ఎవరు పాడారో ఆవిడ పేరు వేయండి. అప్పటిదాకా వీటిమీద నా సంతకం ఉండదు."

బట్టతలాయన తన పెట్టె తెచ్చి పెద్దమనిషి బల్లమీద పెట్టాడు. ఇంకొకరు పెట్టారు. పెట్టెల వెనక పెద్దమనిషి మొహం కనబడకుండా పోతుండగా, "వేస్తాం సార్, మొత్తం వేస్తాం," అన్న మాట వినిపించింది.

అక్క కూతురు జనాన్ని తోసుకుంటూ ఆయన దగ్గరికి వెళ్ళింది. "ఇంకోసారి పెట్టండి. మా అమ్మ దగ్గర్నుంచి పెట్టండి," అంది.

పెట్టాడు. అందరూ మళ్ళీ గొంతు కలపబోతే అది చెయ్యెత్తి ఆపింది. ఆ రెండు లైన్లూ మా అక్క ఒక్కతే పాడింది.

అక్క నా చెవి దగ్గరికి వంగింది. "బాగానే పాడేదాన్నే నేను," అంది.

"ఇప్పుడా తెలిసింది నీకు," అన్నాను.