లెక్కలోకి రాని చెవి

నేను ఒక నేరాల బోర్డును. పోలీస్ స్టేషన్‌లో ఎస్సై కుర్చీ వెనక గోడకు వేలాడేదాన్ని. వడ్రంగి నన్ను వేపచెక్కతో చేశాడు. పెయింటరు నల్లరంగు పూసి, హత్యలు, దోపిడీలు, దొంగతనాలు అని తెల్లగా రాసి, పక్కన రెండు గళ్లు గీశాడు. ఒకటి పోయినేడాదికి, ఒకటి ఈ ఏడాదికి. అంకెలు మాత్రం సుద్దముక్కతో వేసేవారు, తుడవడానికి వీలుగా.

మొదటి ఎస్సై అమాయకుడు. ఎవరొచ్చి చెప్పుకున్నా కేసు రాసేవాడు. దాంతో జనానికి ధైర్యమొచ్చింది. ఏడాది తిరిగేసరికి దోపిడీలు మూడు నుంచి పందొమ్మిదికి చేరాయి. నిజానికి పెరిగింది దోపిడీలు కాదు, చెప్పుకునేవాళ్లు. ఆ తేడా పైవాళ్లకు అక్కర్లేదు. ఆయన్ని బదిలీ చేశారు.

తర్వాత వచ్చిన భూపతి తెలివైనవాడు. జనవరి ఒకటిన దోపిడీల గడిలో సున్నా వేసి, "ఇది కదలకూడదు" అన్నాడు హెడ్ కానిస్టేబుల్ యేసుపాదంతో.

ఆ వారమే మౌలాబీ వచ్చింది. దూది ఏకి పరుపులు కుట్టుకు బతికే మనిషి, యాభై దాటిన వయసు. కాలవగట్టు మీద నడిచొస్తుంటే ఇద్దరు బైకు మీద వచ్చి ఎడమచెవి కమ్మ పట్టుకుని లాగారు. చెవి తమ్మె రెండుగా చీలింది. కొంగు అదుముకుని నిలబడింది.

"బంగారం పెట్టుకుని ఒంటరిగా తిరగమని ఎవరు చెప్పారు నీకు?" అన్నాడు భూపతి. ఆమె జవాబు వినకుండానే యేసుపాదం వైపు తిరిగాడు. "రాయవయ్యా. దారిలో కమ్మ జారిపోయింది."

"జారిపోతే చెవి తెగుద్దా సార్?" అంది మౌలాబీ.

"కాయితం కావాలంటే వేలిముద్ర వెయ్యి. లేదా ఇంటికి పో."

కాగితానికి నెత్తురంటుతుందని ముందు కొళాయి దగ్గర చెయ్యి కడుక్కు రమ్మన్నారు. కడుక్కొచ్చి, తాను చదవలేని ఆ కాగితం మీద వేలు అద్దింది. చెప్పింది చెప్పినట్టు రాసింది యేసుపాదమే.

తొమ్మిదో రోజున అదే గట్టు మీద, వాళ్లిద్దరే, స్కూటీ మీద వెళ్తున్న నర్సు రత్నకుమారి మెడలో గొలుసు లాగారు. ఆమె కింద పడి, తల రాయికి కొట్టుకుని అక్కడికక్కడే పోయింది. పొలంలో కూలీలు చూశారు. భూపతి మాత్రం బండి అదుపు తప్పిందని రాయించాడు. రోడ్డు ప్రమాదాలకు నామీద గడి లేదు.

శవం లేవకముందే మౌలాబీ పరుగున వచ్చింది. "ఆ రోజు నాది నిజంగా రాసుంటే, వాళ్లని వెతికుంటే, ఈ పిల్ల బతికేది సార్!"

"నీది జారిపోయిందని వేలిముద్ర వేసింది నువ్వేగా?" అన్నాడు భూపతి.



ఏడాది చివర జిల్లా అధికారి వచ్చి, నా సున్నాను చూసి మురిసిపోయి, భూపతికి ప్రశంసాపత్రం ఇచ్చాడు.

ఫిబ్రవరిలో పక్క జిల్లా పోలీసులు ఒక దొంగను సంకెళ్లతో తెచ్చారు. ఎక్కడెక్కడ ఏం లాగాడో వాడే చెప్పుకొస్తున్నాడు. "ఈ ఊళ్లో ఏడు సార్" అన్నాడు. భూపతి వచ్చాక ఆ గోడ మీద నేను విన్న మొదటి నిఖార్సయిన లెక్క అది. వాడు చెప్పిన చెవి తెగిన మనిషి ఎవరో కనుక్కుని, గుర్తుపట్టడానికి వాళ్లు మౌలాబీని పిలిపించారు. ఆమెను చూడగానే వాడు తలదించుకున్నాడు.

"ఈ పెద్దమ్మ కమ్మ నేనే లాగాను సార్. ఆ బండి మీద నర్సమ్మ కూడా..."

భూపతి వాడి చెంప ఛెళ్లుమనిపించాడు. "నోర్ముయ్! మా ఊళ్లో అట్టాంటివి జరగలేదు."

పక్క జిల్లా అధికారి, కమ్మ జారిపోయిందన్న కాగితం చూశాడు, భూపతిని చూశాడు, ఫైలు మూసేశాడు. యేసుపాదం తన బూట్ల వంక చూస్తూ నిలబడ్డాడు. మౌలాబీ దొంగ వంకే చూస్తోంది. ఆ గదిలో ఆమెకు జరిగింది జరిగిందన్నవాడు వాడొక్కడే.

తర్వాత కంప్యూటర్లొచ్చాయి. నన్ను గేటు పక్కన, పట్టుబడ్డ బళ్ల తుక్కులో పారేశారు. ఇక్కణ్నించి రోడ్డు కనిపిస్తుంది. పోయిన నెల పట్టపగలు, సరిగ్గా ఈ గేటు ముందే, ఎవడో మౌలాబీ చేతిసంచి గుంజుకుని ఆమెను తోసేసి పారిపోయాడు. ఆమె లేచింది. మోకాలికంటిన దుమ్ము దులుపుకుంది. గేటు వంక కన్నెత్తయినా చూడకుండా, కుంటుకుంటూ ఇంటిదారి పట్టింది.