సూది ఎడమకే ఉండాలె

మా బావ కొమురెల్లి మాట విన్నందుకు నా చెంపలు నేనే వాయించుకోవాలి. అక్క మొగుడై బతికిపోయాడు గానీ, వాయించాల్సింది వాడి చెంపలే.

డెబ్బయి రెండులో మా గోదావరిఖని బొగ్గుబాయి ఇంజనీరు వామనరావు సారు హైదరాబాదు నుంచి ఒక పాత ఇంగ్లీషు కారు కొనుక్కొచ్చాడు. దాని ఇంజనులోకి గాలి నూకడానికి సూపర్‌ఛార్జరని ఒక యంత్రం. నన్ను డ్రైవరుగా పెట్టుకున్నాడు. అంతకుముందు మూడేళ్లు బాయిలో చేశాను. కప్పు కూలి సగం రోజు బొగ్గు కింద పడున్నాను. మళ్లీ దిగాలంటే వణుకు.

కారులో గడియారం లాంటి మీటరు ఒకటి, దాని నడుమ సున్నా. ఇంజను ఊరికే తిరుగుతుంటే సూది ఎడమకు ఉంటుంది, పెడలు తొక్కితే కుడికి ఉరుకుతుంది. ఎటుంటే మంచిదో తెలియక, భయమేసి బావను అడిగాను. బాయిలోని చెడుగాలిని పైకి గుంజే ఫ్యాన్ హౌసులో అప్పుడు వాడి డ్యూటీ. షిఫ్టంతా గుంజుడు చూపే సూదినే చూస్తుండేవాడు. పైగా ఒకప్పుడు లారీ నడిపినవాడు.

"ఎడమకు ఉంటే మంచిగ గుంజుతున్నట్టురా బామ్మర్దీ. గుంజుడు తగ్గితే మేం సైరన్ కొడ్తం, మంది పైకి ఉరుకుతరు. సూదిని కదలనియ్యకు!"

కదలనివ్వలేదు. పెడలు మీద కాలు ఆనీ ఆననట్టు పెట్టి మూడు నెలలు నడిపాను. పెరుగమ్మే పోశవ్వ నెత్తిన కుండతో మమ్మల్ని దాటిపోతూ, "సారూ, జల్ది పోవాలంటే నా ఎంబడి నడువుండ్రి," అంది.

సారు పరువు పోయింది. "ఈ డొక్కును తుక్కుకేస్త. సోమారం నుంచి నువ్వు బాయిలకే," అన్నాడు.

సారును పక్కన కూర్చోబెట్టుకుని తుక్కు దుకాణానికి పోతుంటే కడుపు మండిపోయింది. నీ సూది పాడుగాను అని పెడలు అడుగంటా తొక్కాను. సూది సున్నా దాటి కుడికి కొట్టుకుంది. ఇంజను ఈల వేసింది. కారు ఒక్క ఉరుకు ఉరికింది! సారు టోపీ ఎగిరి మక్కచేనులో పడింది.

"ఇన్నొద్దులు ఎందుకు తొక్కలేదురా?"

చెప్పాను. ఆయన కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వాడు.

"తొక్కనప్పుడు ఇంజను గాలి గుంజుకుంటది, సూది ఎడమకు పోతది. తొక్కితే యంత్రం గాలి నూకుతది, కుడికొస్తది. గదే దాని బలంరా పిచ్చోడా!"

"మరి నేను బాయిలకు...?"

"వద్దు. సూది కోసం బండినే పండవెట్టినవ్. గసొంటోడే ఫ్యాన్ హౌసుల కూసోవాలె. మీ బావ లారీ తోలిండు గద, కారు మీదికి రమ్మను."

బతికాను దేవుడా అనుకున్నాను. ఇప్పుడు రోజూ పొద్దున బావ ఆ కారును ఈల వేయించుకుంటూ నేను కూర్చున్న ఫ్యాన్ హౌసు ముందు నుంచే పోతాడు, కావాలని హారన్ కొడతాడు. ఇవాళ బయటికెళ్లి బండబూతులు తిడదామని లేచాను. సూది వైపు చూశాను. కింద బాయిలో మూడు వందల మంది ఉన్నారు. మళ్లీ కూర్చున్నాను.