మూడో నిమిషంలో కుడిచెయ్యి

పోటీ నిబంధనలు పద్నాలుగు. నేను వాటిని మూడుసార్లు చదివాను, ఒకసారి అమ్మకు చదివి వినిపించాను. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనొక్కదాన్నే కాబట్టి, అచ్చులో ఏది కనిపించినా చివరిదాకా చదివే బాధ్యత నాదే. తీసేవాళ్లకు ఇరవై రెండేళ్లు దాటకూడదు. చిత్రం ఐదు నిమిషాలు మించకూడదు. అంశం ‘చేతులు’. తెర మీద కనిపించే ప్రతి మనిషి దగ్గరా, కనిపించేది వేలి కొసే అయినా సరే, అనుమతి పత్రం మీద సంతకం తీసుకోవాలి. గెలిచిన ఒక్కరికి సినిమా కళాశాలలో ఏడాది ఉచిత చదువు.

అమ్మ ఆసుపత్రి లాండ్రీలో పనిచేస్తుంది. ఉతికిన దుప్పట్లను ఇస్త్రీ యంత్రానికి అందించడం ఆమె పని. రెండు పెద్ద వేడి రోలర్లు తిరుగుతూ ఉంటాయి. తడి దుప్పటి అంచును సాపుచేసి వాటి మధ్యకు అందిస్తే, అవతలి వైపు ముడత లేకుండా బయటికి వస్తుంది. రోలర్ల ముందు ఒక ఇనుపకడ్డీ ఉంటుంది. పొరపాటున చెయ్యి దానికి తగిలితే యంత్రం ఆగిపోవాలి. అయితే దుప్పటి కుట్టు మందంగా ఉన్నా అది తగిలి ఆగిపోతుంది, మళ్లీ తిరగడానికి రెండు నిమిషాలు పడుతుంది. అందుకని ఆ కడ్డీ కదలకుండా ఒక గుడ్డపీలికతో పైకి కట్టేస్తారు. దాన్ని కట్టు అంటారు. ఇవాళ కట్టు వదులైందనో, కొత్త కట్టు వేశారనో అమ్మ ఇంటికొచ్చి చెప్పడం నేను చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాను. గరిటె పిడి ఊడిందని చెప్పినట్టే ఉండేది. అందుకే ఆ పీలిక నా చిత్రంలో పడినప్పుడు నాకేమీ తప్పనిపించలేదు. ఆవిరిలో ఊగుతూ అందంగా ఉందనుకున్నాను, అంతే.

మూడో నిమిషంలో ఒక కుడిచెయ్యి వచ్చి ఆ కట్టును బిగిస్తుంది. మణికట్టుకు పెద్ద స్టీలు వాచీ. అది సూపర్‌వైజర్ చెయ్యి. ఊరికే టైము చూసి హెచ్చరిస్తుంటాడని అందరూ ఆయన్ని చాటుగా గడియారం సారు అంటారు. తన చెయ్యి సినిమాలో వస్తుందంటే ఆయన మురిసిపోయాడు. వాచీ అద్దం తుడుచుకుని మరీ నిలబడ్డాడు. అనుమతి పత్రంలో ‘కనిపించే భాగం’ అని ఒక గడి ఉంది. మిగతావాళ్లు దాన్ని ఖాళీగా వదిలేస్తారట. నేను వదల్లేదు. ‘కుడిచెయ్యి, వాచీతో, మూడో నిమిషం, కడ్డీకి కట్టు బిగిస్తూ’ అని గుండ్రటి అక్షరాలతో రాశాను. కింద ఆయన పొడుగాటి సంతకం పెట్టాడు.

పిన్ని కూడా పెట్టింది. సొంత పిన్ని కాదు, అమ్మతో పదేళ్లు అదే యంత్రం మీద పనిచేసిన మనిషి. నిరుడు ఆమె ఎడమచేతి వేళ్లు రెండు ఆ రోలర్ల మధ్య పోయాయి. ఇప్పుడు మడతల బల్ల దగ్గర కూర్చుంటుంది.

“ఎనిమిది వేళ్లే ఉన్నాయే పిల్లా. సంతకం మొత్తం పెట్టమంటావా, రెండక్షరాలు తగ్గించమంటావా?” అని అడిగి, నేను నవ్వాలో వద్దో తేల్చుకునేలోపు తనే నవ్వేసింది.

చివరి పది చిత్రాల్లో నాది ఒకటని తెలిసిన రోజు అమ్మ ఎవరికీ చెప్పొద్దంటూనే వీధి మొత్తానికీ చెప్పింది. శనివారం ప్రదర్శన. గురువారం పొద్దున పోటీ నిర్వాహకులు ఒక్కో చిత్రంలోంచి ఇరవై సెకన్ల ముక్క తమ పేజీలో పెట్టారు. నా చిత్రంలోంచి వాళ్లు ఎంచుకున్నది ఆ వాచీ చేతినే.

పదకొండింటికి అమ్మ నంబరు నుంచి ఫోన్ వచ్చింది. పని వేళలో అమ్మ ఫోన్ ముట్టుకోదు. మాట్లాడింది సూపర్‌వైజర్. కేకలేమీ వేయలేదు.

“చదువుకున్నదానివమ్మా, నీకు వేరే చెప్పాలా. ఇవాళ నాలుగింటి దాకా సినిమా వెనక్కి తీసుకోవచ్చని మీ రూల్స్‌లోనే ఉంది, నేనూ చదివాను. మీ అమ్మ కాంట్రాక్టు నెలాఖరుకు అయిపోతుంది. కొత్త లిస్టు రాసేది నేనే.”

సరే సార్ అన్నాను. అలా మర్యాదగా అన్నందుకు తర్వాత చాలాసేపు నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆ ముక్క ఒక్కటీ తీసేసి మిగతాది ఉంచమందామంటే తొమ్మిదో నిబంధన ఒప్పుకోదు. ఇచ్చిన చిత్రంలో ఒక్క సెకను కూడా మార్చకూడదు. మొత్తం వెనక్కి తీసుకోవాలంటే తీసినవాళ్లూ, అందులో ముఖ్యంగా కనిపించేవాళ్లూ ఇద్దరూ సంతకం చేయాలి. అంటే నేను, అమ్మ.

మూడింటికి ఇద్దరం పోటీ కార్యాలయంలో ఉన్నాం. పన్నెండేళ్లలో జ్వరమొచ్చినా పర్మిషన్ ఇవ్వని సూపర్‌వైజర్ ఇవాళ అడక్కుండానే ఇచ్చి పంపాడు. అచ్చాఫీసు మీద రెండు గదులు. కింద యంత్రం ఆడుతుంటే మా కుర్చీలు సన్నగా అదురుతున్నాయి. అక్కడి గుమాస్తా నడివయసు ఆవిడ. ఆ ఫారం ఇంతవరకు ఎవరూ అడగలేదంటూ సొరుగులన్నీ వెతికింది. దొరికాక నేను ఆలోచించకుండా సంతకం చేసి, కలం అమ్మ చేతిలో పెట్టాను.

అమ్మ కలం పట్టుకుని ఉండిపోయింది. తనింకా సినిమా చూడలేదంది. నిజమే. నేను ఎంత చెప్పినా ఫోన్లో చూడనని, శనివారం హాల్లో పెద్ద తెర మీదే చూస్తానని భీష్మించుకుంది. ఇక ఆ శనివారం లేదు. గుమాస్తా జాలిపడి తన కంప్యూటర్ మీద పెట్టింది.

నేను గోడ గడియారాన్నీ, అమ్మ ముఖాన్నీ మార్చి మార్చి చూశాను. మొదట తన చేతుల్ని చూసుకుని, ఇంత నల్లగా ఉన్నాయేమిటే అని గొణిగింది. మూడో నిమిషంలో ముందుకు వంగింది. వాచీ చెయ్యి కట్టు బిగించి తప్పుకోగానే పిన్ని చెయ్యి వస్తుంది, మూడు వేళ్లతో దుప్పటిని నిమురుతూ. రెండు చేతులూ ఒకే వైపు కదులుతున్నాయని నేనే వాటిని పక్కపక్కన అతికించాను. అమ్మ దాన్ని మళ్లీ వేయమంది. ఇంకోసారి వేయమంది. టైము మూడూ నలభై.

“నిరుడు పిన్ని వేళ్లు పోయినప్పుడు రాసిన కాగితంలో ఆ కట్టు కట్టింది తనేనని రాశారు,” అంది మెల్లగా. “దాని నిర్లక్ష్యమేనని. సాక్షి సంతకం నాది.”

నాకు ఆ సంగతి తెలియదు. “చదవకుండా పెట్టి ఉంటావులే,” అన్నాను.

“అందరికీ అలాగే చెప్పాను. చదివాను. కూడబలుక్కుని ప్రతి అక్షరం చదివాను.”

బల్ల మీద అమ్మ ఫోన్ వణకడం మొదలుపెట్టింది. సూపర్‌వైజర్. ఆగి మళ్లీ వణికింది. నాకింకా ఉద్యోగం రాలేదని, ఇల్లు నడిచేది తన పని మీదేనని అమ్మకు గుర్తుచేశాను. పోనీ పిన్నిని అడుగుదామన్నాను.

“దాన్ని అడక్కు. వెనక్కి తీసుకోమనే అంటుంది, నా కోసం.”

“నా సీటు గురించైతే వదిలెయ్ అమ్మా. నాకక్కర్లేదు.”

“నీ సీటు గొడవ ఇప్పుడెవరెత్తారే?” అంది అమ్మ.

నాలుగుకు ఐదు నిమిషాలు తక్కువ. మూడోసారి వణికిన ఫోన్ మీద అమ్మ అరచెయ్యి మోపి నొక్కి పట్టింది. కింద అచ్చుయంత్రం ఆగింది. గుమాస్తా గోడ వైపు చూసి, నాలుగు దాటింది, ఫారం ఉంచమంటారా చింపేయమంటారా అని అడిగింది. అమ్మ కలానికి మూత పెట్టి ఆవిడకు తిరిగి ఇచ్చేసింది.

లాండ్రీకి పది నిమిషాల నడక. నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను. సూపర్‌వైజర్ యంత్రం పక్కన నిలబడి వాచీ చూసుకున్నాడు, తర్వాత అమ్మను చూశాడు. పనైందా అని అడిగాడు. అవలేదండీ అంది అమ్మ, ఇవాళ తడి దుప్పట్లు తక్కువొచ్చాయని చెప్పినంత మామూలుగా.

ఆప్రాన్ కట్టుకుని నేరుగా కడ్డీ దగ్గరికెళ్లి కట్టు విప్పసాగింది. ఆవిరికి తడిసి తడిసి ముడి రాయిలా బిగుసుకుపోయింది. మడతల బల్ల దగ్గర నుంచి పిన్ని లేచి వచ్చి, ఏమిటని కూడా అడక్కుండా, రెండో కొసను మూడు వేళ్లతో పట్టి లాగింది. పీలిక ఊడింది, అమ్మ దాన్ని భుజం మీద వేసుకుంది. కడ్డీ టక్కున తన చోటికి దిగింది.

ఒక దుప్పటి వెళ్లింది. రెండోది వెళ్లింది. మూడోదాని కుట్టు తగిలి యంత్రం ఆగిపోయింది.

రెండు రోజులు నేనక్కడ ఫోన్‌తో చిత్రం తీశాను గానీ ఆ గదిలో నిశ్శబ్దం ఎలా ఉంటుందో అంతవరకు వినలేదు. ఎక్కడో పైపులోంచి నీటిబొట్లు పడుతున్నాయి. పనివాళ్లంతా తలెత్తారు. సూపర్‌వైజర్ చెయ్యి అమ్మ భుజం మీదున్న పీలిక కోసం సాగింది, అదే కుడిచెయ్యి, అదే వాచీ. సగం దూరం వచ్చాక ఆయన గుమ్మం వైపు చూశాడు. నా ఫోన్ సంచి అడుగున ఉంది. ఆ సంగతి ఆయనకు తెలియదు.

ఆ చెయ్యి గాలిలో కాసేపు ఆగి, వెనక్కి వెళ్లి, నడుము వెనక దాక్కుంది.

రెండు నిమిషాలు అందరూ అలాగే నిలబడ్డారు. తర్వాత రోలర్లు తిరిగాయి. అమ్మ నాలుగో దుప్పటి అందుకుని, అంచు సాపుచేసింది.